అప్‌డేట్: కెమికల్ విద్యార్థులకు ప్రోడక్ట్ డిజైన్ – దారి దొరికింది

ప్రోడక్ట్ డిజైన్ అనగానే మా బీటెక్ కెమికల్ పిల్లలు ఆ వస్తువు ఎవరికి, ఎందుకు అని ఆలోచించకుండా నేరుగా డిస్టిలేషన్ కాలమ్ (ద్రవాలను మరిగించి వేరుచేసే పరికరం) గీసేస్తున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ‘ముందు వాడేవాళ్ల దగ్గరికి పంపండి’ అన్న మాటే పనిచేసింది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఆడవాళ్లతో మాట్లాడించాను. సబ్బుతో ఎంత కడిగినా చేతుల నీచు వాసన పోదని, నిమ్మకాయ రుద్దితే తగ్గుతుంది గానీ కోసుకున్న చోట భగ్గుమంటుందని చెప్పారు. అక్కడినుంచి పిల్లలే అందుకున్నారు: వాసనకు ముఖ్య కారణం ట్రైమిథైలమీన్ అనే రసాయనం, అది క్షారం, సబ్బూ క్షారమే కాబట్టి దాన్ని పోగొట్టలేదు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం మాత్రం ఆ ట్రైమిథైలమీన్‌ను తేలిగ్గా ఆవిరి కాని లవణంగా మారుస్తుంది. మరి మంట పుట్టకుండా పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) ఎంత ఉండాలి? ఈ ప్రశ్న వాళ్ల నోట వచ్చినప్పుడు నాకెంత సంతోషమేసిందో! ప్రోడక్ట్ డిజైన్‌లోని అవసరం, ఆలోచనలు, ఎంపిక, తయారీ అనే వరుస వాళ్లకు అప్పుడు పట్టుబడింది.

అప్పటి పోస్టులో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ (తయారీ ప్రక్రియను కంప్యూటర్‌లో నడిపి చూసేది) గురించి అంత చర్చించాం గానీ, ఈ దశలో దాని అవసరమే రాలేదు.