అత్తగారి మాత్రలు పెరుగన్నంలో కలపడం తప్పా?

పెద్దకోడలు_ఏలూరు
మా అత్తగారికి 78 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి మూడేళ్లయింది. రాత్రి డోనెపెజిల్ 10, రెండు పూటలా మెమాంటిన్ 10 (రెండూ మతిమరుపు మందులే), పొద్దున బీపీ మాత్ర. ఇన్నాళ్లూ చేతిలో పెడితే వేసుకునేది. నెల్లాళ్లుగా ఉమ్మేస్తోంది. "విషం పెట్టి చంపుదామని చూస్తున్నావు" అని పక్కింటికి వినపడేలా అరుస్తోంది. చేసేది లేక అన్నీ నూరి పెరుగన్నంలో కలిపి పెడుతున్నాను. ఆదివారం వీడియో కాల్‌లో మా మరిది అది చూసి "అమ్మని మోసం చేస్తున్నావు వదినా" అన్నాడు. మూడు రోజులుగా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. ఇందులో తప్పుందా? ఇంట్లో ఇలాంటివాళ్లకి చేసినవాళ్లే చెప్పండి, దయచేసి.

గోదారి_గట్టు
తప్పేముందక్కా. పిల్లలకి బెల్లంలో పెట్టి మింగించట్లా?

ప్లేనో_ప్రవాసి
పిల్లలూ పెద్దవాళ్లూ ఒకటి కాదండీ. ఒక సంసారాన్ని నడిపించిన మనిషి ఆవిడ. మతిమరుపు వచ్చినంత మాత్రాన తన నోట్లోకి ఏం వెళ్తోందో తెలుసుకునే హక్కు పోదు. వద్దంటే వద్దనే. ఇవాళ బీపీ మాత్ర కలుపుతారు, రేపు ఇంకోటి కలుపుతారు. ఎక్కడ ఆగుతారు?

మందులషాపు_బాబాయ్
తప్పొప్పులు తర్వాత. ఆ బీపీ మాత్ర పేరు చివర ఎక్స్‌ఎల్ అనో ఎస్‌ఆర్ అనో ఉందా అమ్మా? ఉంటే నూరకూడదు. రోజంతా కొంచెం కొంచెంగా వదలాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. బీపీ పడిపోయి బాత్‌రూంలో కళ్లు తిరుగుతాయి. ఏళ్ల తరబడి కౌంటర్‌లో ఈ మాటే చెప్తున్నా, వినేవాడు లేడు.

పెద్దకోడలు_ఏలూరు
మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్ బాబాయ్ గారూ. పన్నెండు రోజులుగా నూరుతున్నాను.

రిటైర్డ్_సిస్టర్
ముందు ఆ నూరడం ఆపండమ్మా. మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. డోనెపెజిల్ కూడా కొందరిలో తగ్గిస్తుంది. ఆవిడ కూర్చున్నప్పుడు మణికట్టు పట్టుకుని నిమిషం నిండా నాడి లెక్కపెట్టండి. 50 లోపు ఉన్నా, తూలుతున్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక కలపడం సంగతి. నేను 31 ఏళ్లు వార్డులో చేశాను, ఆ తర్వాత మా అమ్మకి ఇంట్లో ఆరేళ్లు చేశాను. డోనెపెజిల్ నూరితే చేదు. ఆ చేదు పెరుగులో దాగదు. మీరు మోసమా కాదా అని బాధపడుతున్నారు గానీ, నాకు భయం అన్నం గురించి. ఆవిడ ఇప్పుడు పెరుగన్నం మామూలుగా తింటోందా?

ఇంకోటి కూడా చెప్పండి. నెల్లాళ్ల క్రితం ఏం మారింది? ఈ జబ్బు మెల్లగా ముదురుతుంది. ఉన్నట్టుండి మనిషి మారిపోయిందంటే వెనక ఏదో ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు తాగకపోవడం, పంటి నొప్పి. లేదా కొత్తగా మొదలుపెట్టిన మందు.

పెద్దకోడలు_ఏలూరు
సిస్టర్ గారూ, మీరు అడిగాక గమనించాను. నిన్న రాత్రి అన్నాన్ని కంచం అంచు దాకా పల్చగా పరిచింది. చేటలో బియ్యం ఏరినట్టు రెండు వేళ్లతో ఒక్కో మెతుకూ పక్కకి జరిపింది. మిరియం గింజలాంటిదేదో దొరికితే తీసి పైట కొంగున కట్టుకుంది. అరగంట ఏరి, తినకుండా లేచింది. పెరుగన్నమంటే ప్రాణం ఆవిడకి.

ప్లేనో_ప్రవాసి
చూశారా! ఆవిడకి తెలుసు. జ్ఞాపకం పోయినా మోసం తెలుస్తుంది.

రిటైర్డ్_సిస్టర్
తెలిసింది మోసం కాదు నాయనా, చేదు. మాత్రల్ని అన్నం నుంచి విడదీయండమ్మా. స్నానం చేసి స్థిమితంగా ఉన్న వేళ చూసి, ఒక్కొక్కటే, రోజూ ఒకే కుర్చీలో కూర్చోబెట్టి ఇవ్వండి. మీరూ ఎదురుగా కూర్చుని మంచినీళ్లు తాగండి. వద్దంటే వాదించకండి, లేచి వచ్చేయండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ వెళ్లండి. వద్దన్న సంగతి చాలాసార్లు గుర్తుండదు.

ప్లేనో_ప్రవాసి
అంటే మతిమరుపునే ఆసరా చేసుకోమంటారు! ఇదేనా నర్సింగ్ అంటే?

రిటైర్డ్_సిస్టర్
అవును, అదే. లేకపోతే ముక్కు మూసి పోయాలి. అది కూడా చూశాను నేను.

మందులషాపు_బాబాయ్
డోనెపెజిల్ నోట్లో కరిగేది దొరుకుతుంది. రివాస్టిగ్మిన్ ప్యాచ్ కూడా ఉంది, వీపు మీద చెయ్యి అందని చోట అంటిస్తారు. రోజూ పాతది తీశాకే కొత్తది పెట్టాలి. తీయడం మర్చిపోయి రెండు మూడు అంటించి, వాంతులంటూ వచ్చినవాళ్లున్నారు. రెండు మందులూ ఒకే కోవవి కాబట్టి ప్యాచ్ పెడితే డోనెపెజిల్ ఆపాలి. ఇదంతా డాక్టర్ రాస్తేనే. సొంతంగా వద్దు.

కాకినాడ_కుర్రోడు
సరస్వతి ఆకు పొడి తేనెలో ఇవ్వండి మేడం. లేదా అమెరికాలో కొత్త ఇంజెక్షన్ వచ్చిందంట కదా, ప్లేనో అన్నకి తెలిసే ఉంటుంది.

ప్లేనో_ప్రవాసి
లెకానెమాబ్. 2023 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పూర్తి అనుమతి ఇచ్చింది. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకే. మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు, మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయేమోనని ఎంఆర్ఐలు తీస్తూ ఉండాలి. మూడేళ్లు దాటి ఈ స్థితిలో ఉన్నావిడకి పనికొచ్చేది కాదు. ఇంజెక్షన్లు వదిలేయండి. నా ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పకుండా మందివ్వడం తప్పా కాదా?

మందులషాపు_బాబాయ్
మేడం గారు కూడా సిస్టర్ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. కొత్తగా ఏ మందైనా మొదలుపెట్టారా? దగ్గు సిరప్, నిద్ర మాత్ర, ఏదైనా సరే.

పెద్దకోడలు_ఏలూరు
డాక్టర్ రాసినవే వేస్తున్నాను. ప్లేనో గారూ, మీకు జవాబు కావాలి కదా. రాత్రి రెండింటికి లేచి "మా ఊరెళ్లాలి" అని మెయిన్ డోర్ గడియ లాగుతుంటే ఎవరు లేస్తారు? మంచం తడిసిపోతే ఎవరు మారుస్తారు? అక్కడ కూర్చుని హక్కులు మాట్లాడ్డం తేలిక. డాలర్లకి డైపర్లు మార్చడం రాదు. మీరూ మా మరిదీ ఒకటే.

ఊరికే_చదువుతా
అయ్యబాబోయ్.

ప్లేనో_ప్రవాసి
సరే, చెప్తాను. మా అమ్మకి ఇదే జబ్బు. మా అక్క దగ్గర ఉండేది. ఫోన్ చేస్తే ఎప్పుడూ "పడుకుంది" అనేది అక్క. పెద్దావిడ కదా, నిద్రపోనీ అనుకున్నాను. నేను వెళ్లేసరికి తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. డిశ్చార్జ్ కాగితంలో చదివాను, ఏడు నెలలుగా క్వెటియాపిన్ వేస్తున్నారని. మానసిక జబ్బులకిచ్చే మత్తు మందు అది. ఆ రకం మందులు డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉన్న వృద్ధుల్లో మరణాలు పెంచుతున్నాయని ఎఫ్‌డీఏ 2005లోనే మందు కాగితం మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక (బ్లాక్ బాక్స్) పెట్టించింది. ఎందుకు చెప్పలేదని అడిగితే "చెప్తే వద్దంటావు" అంది. అమ్మ మళ్లీ లేవలేదు. కాబట్టి డైపర్ల లెక్క నాకు చెప్పకండి. పెరుగన్నం ఒక వంక. రాత్రి మాత్ర ఆవిడ కోసమా, మీ నిద్ర కోసమా? అది చెప్పండి.

గోదారి_గట్టు
అన్నా, ఆడమనిషితో ఆ మాట తీరేంటి.

రిటైర్డ్_సిస్టర్
ఆయన మాట కరుకే గానీ ఆ హెచ్చరిక నిజం. ఆ మందులతో పడిపోవడం, పక్షవాతం ముప్పు కూడా ఉంది. కాకపోతే మనిషి తనకో పక్కవాళ్లకో ప్రమాదం తెచ్చుకునేలా ఉంటే, మిగతావేవీ పని చేయనప్పుడు, తక్కువ మోతాదులో కొన్నాళ్లు ఇచ్చి ఆపే మందు అది. ఏడు నెలలు ఎవరూ తిరిగి చూడకపోవడం ఘోరం. అయితే మీ అక్కకి ఆ ఏడు నెలల్లో ఒక్క రాత్రి సెలవు దొరికిందా అని కూడా అడగాలి నాయనా.

ప్లేనో_ప్రవాసి
అడగలేదు. ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు.

పెద్దకోడలు_ఏలూరు
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. నెలన్నర క్రితం ఆవిడకి జలుబు చేస్తే ఫెనిరమిన్ మాత్ర వేశాం. ఆ రాత్రి కదలకుండా నిద్రపోయింది. నేనూ రెండేళ్లలో మొదటిసారి తెల్లారేదాకా పడుకున్నాను. జలుబు తగ్గింది. నేను మాత్ర మానలేదు. రోజూ ఒకటి, నూరడం మొదలుపెట్టాక పెరుగన్నంలో, మిగతావాటితో కలిపి. డాక్టర్‌కి చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. ప్లేనో గారూ, నా నిద్ర కోసమే.

మందులషాపు_బాబాయ్
అనుకున్నా. డోనెపెజిల్ మెదడులో జ్ఞాపకానికి పనికొచ్చే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని నిలబెట్టాలని చూస్తుంది. ఆ జలుబు మాత్ర దాని పనికే అడ్డుపడుతుంది. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ. పైగా నోరెండిపోతుంది, మూత్రం ఆగుతుంది, విరేచనం బిగుస్తుంది, అయోమయం పెరుగుతుంది. చీటీ లేకుండా అమ్మేది మా వర్గమే, ఒప్పుకుంటున్నా.

రిటైర్డ్_సిస్టర్
తిట్టుకోకండి తల్లీ. డాక్టర్‌కి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. కలిపి పెట్టక తప్పని రోజు రావచ్చు. అప్పుడు కూడా ఏ మందు నిజంగా అవసరం, ఏది మానొచ్చు అని డాక్టర్‌తో ఒక్కొక్కటీ తేల్చుకుని, ఇంట్లో అందరికీ తెలిసేలా నోట్‌బుక్‌లో రాసి పెట్టాలి. వారానికి రెండు రాత్రులకైనా మనిషిని పెట్టించుకోండి. ఆ ఖర్చు మీ మరిదిని అడగండి, మొహమాటపడకండి.

ప్లేనో_ప్రవాసి
మేడం, ఆ మాట అడిగినందుకు ఏమీ అనుకోకండి. అడగడం తప్పనుకోవట్లేదు, అడిగిన తీరు తప్పు.

పెద్దకోడలు_ఏలూరు
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. నాడి 54, ఈసీజీ తీశారు. బీపీ మాత్ర మార్చారు. జలుబు మాత్ర ఆపేశాం. డోనెపెజిల్ ఆపేశారు, మళ్లీ చూసి ప్యాచ్ సంగతి చెప్తామన్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉంది. రాత్రులు మళ్లీ మొదటికొచ్చాయి, నిన్న మూడుసార్లు లేచింది. అన్నంలో ఏమీ కలపడం లేదు. అయినా ఏరుతూనే ఉంది.

ప్లేనో_ప్రవాసి
జలుబు మాత్ర సంగతి మీ మరిదికి చెప్పారా?

పెద్దకోడలు_ఏలూరు
ఆదివారం ఫోన్ చేస్తాడు కదా. మీరు మీ అక్కకి చేశారా?