హైదరాబాద్ లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్ పాత రేకులు (డబ్బాలన్నీ కలిసిన పూర్తి బండ్లు) పాలమూరు, నల్గొండ లైన్లకు ఇస్తామంటే తీసుకుందామా, తుక్కుకే పోనిద్దామా?

పాలమూరు ప్యాసింజర్:
దోస్తులారా, ఒక లెక్క చూడున్రి. హైదరాబాద్‌ల ఎంఎంటీఎస్ మొదలైంది 2003 ఆగస్టు 9న. ఈఎంయూ, అంటే వేరే ఇంజన్ లేకుండ కరెంటుతో నడిచే లోకల్ బండి, దాని డబ్బాకు రైల్వే కట్టిన ఆయుష్షు 25 ఏండ్లు. అంటే ఆ మొదటి తరం రేకులకు 2028ల గడువు నిండుతది. నిండినంక ఏమైతది? కండెమ్ (ఇగ పనికిరాదు) అని రాస్తరు, వేలం పెడతరు, గ్యాస్ కటింగ్ చేసి కిలోల లెక్కన అమ్ముతరు.

ఇటు మన సంగతి చూడున్రి. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్ (రెండో లైను), కరెంటు లైను జాతికి అంకితం చేసిన్రు. 85 కిలోమీటర్లు, దాదాపు 1,410 కోట్లు. అదే రోజు కొత్త ఎంఎంటీఎస్ సర్వీసులకు జెండా ఊపిన్రు. ఆ బండ్లు ఉమ్దానగర్ దాటి ఇటు రావు. తీగ ఉన్నది, రెండు లైన్లున్నయి, తిమ్మాపూర్, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల స్టేషన్లల్ల జనం ఉన్నరు. ఎంఎంటీఎస్ బండే లేదు.

నేననేది ఏందంటే, పట్నంల పని అయిపోయిన రేకులను కోసి పారేసే బదులు ఇంకో అయిదేండ్లు మన దిక్కు నడపరాదా? ఒకటి పాలమూరుకు, ఒకటి నల్గొండకు. మీరేమంటరు?

లాలాగూడ పాత ఫిట్టర్:
బాబూ, క్యారేజీ పనిలో జీవితం గడిపి రిటైర్ అయినవాణ్ణి. మాది రామన్నపేట దగ్గర పల్లె, కాబట్టి నల్గొండకు రైలు రావద్దని నేను అనను. కానీ 25 ఏళ్లనేది ఎవరో కాగితం మీద వేసుకున్న అంకె కాదు.

ఇనుప డబ్బాకు చావు పైనుంచి రాదు, కిందనుంచి వస్తుంది. సోల్‌బార్, టర్న్ అండర్, ట్రఫ్ ఫ్లోర్ అని మేమనే అడుగు భాగాలను తుప్పు మొదట తింటుంది. మామూలు కోచ్‌లో టాయిలెట్ల కింద తుప్పు ఎక్కువ. ఈఎంయూలో టాయిలెట్లు ఉండవు గానీ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వానాకాలమంతా గుమ్మం దగ్గర నీళ్లు నిలుస్తాయి, వేలమంది తొక్కిడి అక్కడే. పైన రంగు కొత్తగా మెరుస్తుంటే కింద సుత్తితో కొడితే పొర రాలుతుంది. ఓవర్‌హాల్‌కు వచ్చిన ప్రతిసారీ అతుకులు వేస్తూ పోతాం. ఒక దశ దాటాక అతుకు వేయడానికి గట్టి ఇనుము మిగలదు.

ఇక మోటార్ల సంగతి. ఆ తరం ఈఎంయూలు డీసీ మోటార్లతో నడుస్తాయి. ఇప్పుడొచ్చే త్రీఫేజ్ (ఏసీ మోటార్ల) రేకులు బ్రేకు వేసినప్పుడు కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి. పాతవాటికి విడిభాగాలు కావాలంటే ఇంకో పాత బండిని విప్పాల్సిందే. రెండు రేకులు మీకిస్తే, వాటిని నడపడానికి మూడోదాన్ని విప్పుకుంటూ కూర్చోవాలి.

మిర్యాలగూడ రోజువారీ:
ఫిట్టర్ గారు ఒక్క ముక్కలో దాటేసింది నేను గట్టిగా చెబుతాను. ఈఎంయూలో టాయిలెట్ లేదు. ఇక్కడితో చర్చ అయిపోవాలి నిజానికి.

లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా పోయేవాళ్లకు అది ఇబ్బంది కాకపోవచ్చు. మిర్యాలగూడ నుంచి సికింద్రాబాద్‌కు ఆగుతూ పోయే బండిలో, క్రాసింగ్ కోసం, అంటే ఒకటే లైను మీద ఎదురు బండి దాటేదాకా, వలిగొండ దగ్గరో చిట్యాల దగ్గరో నిలబెడితే, ఆడవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఏం చేయాలి? బీబీనగర్–గుంటూరు రెండో లైనుకు 2023లో కేంద్రం ఓకే చెప్పింది, 239 కిలోమీటర్లు. అది పూర్తయ్యేదాకా మాకు క్రాసింగ్ నిలుపుడు తప్పదు.

పెద్దోడు విడిచిన చొక్కా చిన్నోడికి తొడిగినట్టు, హైదరాబాద్ విడిచిన బండి నల్గొండకా? అడిగితే మెమూ (ఊళ్ల మధ్య తిరిగే కరెంటు ప్యాసింజర్) అడగండి. దానిలో టాయిలెట్ ఉంటుంది, తక్కువ ఎత్తు ప్లాట్‌ఫాం దగ్గర దిగడానికి మెట్లు ఉంటాయి. ఈఎంయూ తలుపుకు మెట్లుండవు, ప్లాట్‌ఫాం ఎత్తుగా లేని స్టేషన్‌లో ముసలోళ్లు దూకాల్సిందే.

షాద్‌నగర్ ఐటీ:
అక్కా, పాతదంటే అంత చులకన ఎందుకు? జకార్తా చూడున్రి. 2000ల టోక్యో వాళ్లు తోయి 6000 రకం డబ్బాలు 72 ఉచితంగ ఇచ్చిన్రు. అవి మంచిగ నడిచేసరికి తర్వాత కొనుడు మొదలుపెట్టిన్రు. జేఆర్ ఈస్ట్ అనే జపాన్ రైల్వే కంపెనీ 205 రకమే 800 దాటి పోయినయి. ఏసీ ఉన్న బండ్లు, తలుపులు మూసుకునే బండ్లు. అంతకుముందు అక్కడ జనం డబ్బా మీద కూసొని పోయేటోళ్లు. ఆ నగరం లోకల్ రైలు రూపమే మారింది, అదంతా సెకండ్ హ్యాండ్ బండ్లతోనే.

అది ఎందుకు కుదిరిందంటే రెండు దేశాలల్ల గేజ్ ఒకటే, 1,067 మిల్లీమీటర్లు. కరెంటు ఒకటే, 1,500 వోల్ట్ డీసీ. మన దగ్గరైతే అసలు ప్రశ్నే లేదు. పట్నంల ఉన్నదీ 25 కేవీ ఏసీ, జడ్చర్లల ఉన్నదీ 25 కేవీ ఏసీ, బ్రాడ్ గేజే. ఓడ ఎక్కించే పని లేదు, అదే తీగ కింద గంట దూరం ముందుకు నడిపితే చాలు.

మిర్యాలగూడ రోజువారీ:
జకార్తా కథ సగమే చెప్పావు తమ్ముడూ. 2023లో వాళ్ల ప్రభుత్వమే ఇంకో విడత పాత జపాన్ బండ్ల దిగుమతి వద్దంది. సొంత కంపెనీ ఇన్‌కాకు ఆర్డరిచ్చింది, ఆ లోపు లోటు తీరడానికి చైనా నుంచి కొత్తవి తెప్పించుకుంది. ఇరవై ఏళ్లు సెకండ్ హ్యాండ్‌తో నెట్టుకొచ్చినవాళ్లే ఇక చాలన్నారు.

లాలాగూడ పాత ఫిట్టర్:
ఇంకో తేడా ఉంది. జపాన్‌లో 205 డబ్బా స్టెయిన్‌లెస్ స్టీలు. లండన్‌లో 1980లో వచ్చిన డీ-స్టాక్ అల్యూమినియం. ఆ పాత అండర్‌గ్రౌండ్ డబ్బాలనే వివారైల్ అనే కంపెనీ కొని, కింద సామానంతా మార్చి, డీజిల్, బ్యాటరీ, కరెంటు బండ్లుగా చేసింది. ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో 2021 నవంబర్ నుంచి వాటిలో కరెంటు రకం తిరుగుతోంది, అక్కడ అంతకుముందు నడిచినవి 1938 రకం. డబ్బా గట్టిగా ఉంటే ఎన్నిసార్లైనా లోపలి సామాను మార్చుకోవచ్చు. అయినా ఆ కంపెనీ 2022 చివర్లో మూతపడింది. పని బాగుంది, లెక్క కుదరలేదు.

మనవాళ్లకు మళ్లీ వాడటం తెలియదని మాత్రం అనకండి. పాత ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) రకం ప్యాసింజర్ కోచ్‌లకు కిటికీలు మూసి, చివర తలుపులు పెట్టి, కార్లు మోసే ఎన్ఎంజీ వ్యాగన్లుగా తిప్పుతున్నారు. 2020 కరోనాలో అయిదు వేలకు పైగా కోచ్‌లను ఐసోలేషన్ వార్డులు చేశారు. పనికొచ్చేది పనికొచ్చేచోట వాడుతూనే ఉన్నారు. అన్నీ అలా పనికిరావు.

సాగర్ కట్ట మీద:
ఇంత ఆలోచన ఎందుకు బాస్. న్యూయార్క్ వాళ్లు 2001 నుంచి పదేళ్లలో 2,500 మెట్రో డబ్బాలు తీసుకెళ్లి అట్లాంటిక్‌లో పడేశారు. చేపలకు ఇళ్లు. డెలావేర్ తీరంలో రెడ్‌బర్డ్ రీఫ్ అని పేరు కూడా పెట్టారు. మనకు నాగార్జునసాగర్ లేదా, నాలుగు రేకులు దించితే హాలియా బజార్లో చేపల రేటు తగ్గుద్ది 😄

మిర్యాలగూడ రోజువారీ:
ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుములు వంగాక ఈ జిల్లాకు కృష్ణా నీళ్లొచ్చాయి. హైదరాబాద్ తాగేదీ ఆ నీళ్లే. అందులో రైలు డబ్బాలు దించుతాడంట. జోక్ అయినా సరే వద్దు.

లాలాగూడ పాత ఫిట్టర్:
ఆ న్యూయార్క్ డబ్బాల్లో కూడా రెడ్‌బర్డ్ అనే పాత ఎర్ర రంగు డబ్బాలే నిలబడ్డాయి. తర్వాత దించిన స్టెయిన్‌లెస్ రకం కొద్ది కాలానికే చితికిపోయి కూలాయి.

దేవరకొండ పంతులు:
మా వైపు అసలు పట్టాలే లేవు. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట పిల్లల్లో రైలు ఎక్కనివాళ్లు ఎందరో. కండెమ్ అయిన డబ్బా ఒకటి మా బడికిస్తే లైబ్రరీ చేసుకుంటాం. మైసూరు అశోకపురంలో రైల్వే వర్క్‌షాప్ వాళ్లు పాత కోచ్‌లను బడి గదులుగా మార్చారు. అసన్‌సోల్‌లో 2020లో రెండు పాత మెమూ డబ్బాలతో హోటల్ పెట్టారు. కాచిగూడ స్టేషన్ ముందు కూడా కోచ్ రెస్టారెంట్ ఉంది. హోటల్‌కిచ్చింది బడికివ్వరా?

జడ్చర్ల స్క్రాప్:
సార్, ఇస్తరు అనుకుందాం. డబ్బా దాదాపు 20 మీటర్ల పొడుగు. రెండు క్రేన్లు, పెద్ద ట్రైలర్, మీ ఊరి మలుపులు, కరెంటు తీగలు. పట్టాలున్నచోట హోటల్ పెడుతున్నరంటే అక్కడికి డబ్బా దానంతట అదే నడిచొస్తది గనక. ఇంకోటి, మే నెలల దేవరకొండ ఎండకు ఇనుప డబ్బల పిల్లల్ని కూసోబెడితే ఏమైతరు? ఏసీ పెట్టాలె, బిల్లు ఎవరు కడతరు?

నేను ఇదే ధందాల ఉన్న. రైల్వే తుక్కు ఈ-వేలంల పోతది, లాట్లు లాట్లుగ. పేరు నమోదు చేసుకున్నోళ్లే పాడాలె, అడ్వాన్సు కట్టాలె, చెప్పిన గడువుల ఎత్తాలె. గడువు దాటితే రోజుకింత కిరాయి. దానితో ఏమైతదంటే కటింగ్ ఆగమాగం నడుస్తది. సీటు ఫోము, రెగ్జిను, గోడలల్ల దూది లాంటి ఇన్సులేషన్ తియ్యకముందే గ్యాస్ మంట పెడతరు. ఆ నల్ల పొగ పీల్చేది రోజుకూలి పోరగాండ్లు. మూతికి రుమాలు కట్టుకుంటరు, అదే వాళ్ల మాస్కు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె నేల మీద పారితే మన్ను పోస్తరు. బ్రిటన్‌ల పాత డబ్బాల్లో ఊపిరితిత్తుల్ని చెడగొట్టే ఆస్‌బెస్టాస్ ఉంటే, అది తీసేదాకా కొయ్యనియ్యలేదు, దానికి వేరే షెడ్లు కట్టిన్రు. మన దగ్గర ఎవరు చూస్తరు? మీరంత బండి యాడికి పోవాలె అని కొట్లాడుతున్రు. దాన్ని ఎవరు కోస్తరు, ఎట్ల కోస్తరు అని ఒక్కరు అడగలే.

లాలాగూడ పాత ఫిట్టర్:
ఇది అందరూ చదవాల్సిన మాట. రైల్వే చేతిలో ఉన్నంతవరకు పని పద్ధతిగానే జరుగుతుంది. చక్రాలు, యాక్సిళ్లు, తీగనుంచి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్, మోటార్లలో పనికొచ్చేవి ముందే దించుతాం. అరిగిన చక్రాలు బెంగళూరు దగ్గర యెలహంక రైల్ వీల్ ఫ్యాక్టరీకి పోతాయి. 1984 నుంచి అక్కడ ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో పాత చక్రాలు కరిగించి కొత్త చక్రాలు పోస్తున్నారు. తుక్కు అంటే నాశనం అనుకునేవాళ్లకు ఇది చెబుతుంటాను. కానీ ఉత్త డబ్బా గేటు దాటాక మా చేతిలో ఏమీ ఉండదు. సీట్లు, నూనె, ఇన్సులేషన్ షెడ్‌లోనే తీసి, ఇనుము మాత్రమే అమ్మాలని షరతు పెడితే రేటు కొంచెం తగ్గుతుందేమో, తగ్గనీ.

దేవరకొండ పంతులు:
జడ్చర్ల వారూ, పూర్తి డబ్బా కుదరకపోతే డ్రైవర్ క్యాబిన్ ముందు భాగం కోసి అమ్ముతారా? పిల్లలకు చూపించడానికి.

జడ్చర్ల స్క్రాప్:
లాట్ నేను పాడితే ఇస్త సార్. ఇనుము రేటుకే.

పాలమూరు ప్యాసింజర్:
సరే, టాయిలెట్ లేదు, తుప్పు, మోటారు, అన్ని విన్న. అయినా నా పట్టు వదల. మహబూబ్‌నగర్ దాకా రెండు గంటల పైన అంటే కష్టమే, షాద్‌నగర్ దాకా పెట్టున్రి. ఉమ్దానగర్ నుంచి అది ఎంత దూరం? దినాం కంపెనీలకు, కాలేజీలకు పోయేటోళ్లు బస్సుల్ల నిలబడి పోతున్రు, వాళ్లకు నిలబడనీకె డబ్బా అయినా ఉంటది.

లాలాగూడ పాత ఫిట్టర్:
షాద్‌నగర్ దాకా అంటే మాట్లాడొచ్చు. కానీ దానికి ముసలి రేకు ఎందుకయ్యా? ఉమ్దానగర్‌లో తిరిగిపోయే సర్వీసుల్లో రెంటిని పొడిగించమని అడుగు. హైదరాబాద్ డివిజన్ ఆఫీసుకు రాసే కాగితంలో పాత బండి మాటే ఎత్తకు. ఎత్తితే అదే ఇచ్చి చేతులు దులుపుకుంటారు.

షాద్‌నగర్ ఐటీ:
పొడిగించమని ఎన్ని కాగితాలు పోలేదు పెద్దాయనా? కొత్తది అడిగితే రేకులు లేవంటరు. పాతది చూపిస్తే ఆ సాకు ఉండదు కదా.

మిర్యాలగూడ రోజువారీ:
మీరు షాద్‌నగర్‌తో సర్దుకున్నారు, బాగానే ఉంది. మొదటి పోస్టులో నల్గొండకూ ఒకటి అన్నారు, దాని సంగతి?

పాలమూరు ప్యాసింజర్:
మీరే వద్దంటిరి కదా అక్కా. మీ వాటా రేకు కూడా మాకే రాయమంటరా?

మిర్యాలగూడ రోజువారీ:
రాయండి. మాకు మెమూ అని పక్కన రాయడం మర్చిపోకండి.