ఇల్లు సోదా చేయాలంటే వారెంట్ తప్పనిసరి చేయాలా?

లా విద్యార్థిని (చర్చ ప్రారంభం)

పోలీసులు ఇంట్లోకొచ్చి బీరువా తెరవాలంటే మేజిస్ట్రేట్ సంతకం చేసిన కాగితం ఉండి తీరాలని చాలామంది నమ్మకం. చట్టం అలా లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 96వ సెక్షన్ కింద కోర్టు సెర్చ్ వారెంట్ ఇవ్వొచ్చు. కానీ 185వ సెక్షన్ కింద దర్యాప్తు అధికారి వారెంట్ లేకుండానే సోదా చేయొచ్చు. ఏ వస్తువు కోసం వెళ్తున్నాడో, ఆలస్యమైతే అది ఎందుకు దొరకదనుకుంటున్నాడో ముందుగా కేసు డైరీలో రాయాలి, అంతే. అత్యవసరం కాని ప్రతి సోదాకూ వారెంట్ ఉండాలని నా వాదన. మీరేమంటారు?

రిటైర్డ్ ఎస్‌ఐ

ఒప్పుకోనమ్మా. దొంగ సొత్తు ఫలానా ఇంట్లో ఉందని రాత్రి పదింటికి కబురొస్తుంది. పొద్దున కోర్టు తెరిచి, పిటిషన్ నంబరై, సంతకమయ్యేసరికి ఆ సొత్తు అక్కడ ఉంటుందా? పైగా 185 అంటే ఇష్టారాజ్యం కాదు. రాసిన కారణాల కాపీ 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు చేరాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే వాళ్లకూ ఉచితంగా ఇవ్వాలి. సోదాకు సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులు ఉండాలి, దొరికిన వస్తువుల జాబితా మీద వాళ్ల సంతకాలుండాలి. ఇప్పుడు 105వ సెక్షన్ వచ్చాక సోదా మొత్తం వీడియో తీయాల్సిందే. ఇన్ని ఉండగా వారెంట్ కూడా కావాలంటే నష్టపోయేది సొమ్ము పోగొట్టుకున్నవాడే.

ట్రయల్ కోర్టు న్యాయవాది

ఎస్‌ఐ గారూ, మీరు చెప్పినవన్నీ చట్టంలో ఉన్నాయి, కాదనను. అవి పాటించకపోతే ఏమవుతుంది? నా ప్రశ్న అదే.

నేను చూసే ఫైళ్లలో చాలావాటిల్లో కారణాల పేరా ఒకటే. "నమ్మదగిన సమాచారం మేరకు, వారెంటు తెచ్చేలోగా సాక్ష్యం మాయం చేసే అవకాశం ఉన్నందున..." ఊరు పేరు, తేదీ మారతాయి, వాక్యం మారదు. మధ్యవర్తుల్లో ఒకాయన అంతకుముందు నాలుగు కేసుల్లోనూ మధ్యవర్తే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో పోలీసులను ప్రశ్నించి ఇవన్నీ బయటపెడతాను. కోర్టు వింటుంది, సాక్ష్యం బలం కాస్త తగ్గుతుంది. అంతకుమించి ఏమీ కాదు. 1974లో పూరన్ మల్ కేసులో, అది ఆదాయపు పన్ను సోదా, సుప్రీంకోర్టు తేల్చేసింది: సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదు. కేసుకు సంబంధం ఉంటే చాలు. అమెరికాలో 1961 నాటి మ్యాప్ వర్సెస్ ఒహాయో కేసు తీర్పు తర్వాత రాష్ట్రాల కోర్టుల్లో కూడా అక్రమ సోదాలో దొరికింది పక్కన పెట్టాల్సిందే.

మన దగ్గరా ఒకచోట ఆ భయం ఉంది. గంజాయి, డ్రగ్స్ కేసుల్లో ఒంటి మీద సోదా చేసేముందు "గెజిటెడ్ ఆఫీసర్ ముందో, మేజిస్ట్రేట్ ముందో సోదా కోరే హక్కు మీకుంది" అని చెప్పాలి. ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్. అది చెప్పకపోతే ఆ సోదాలో దొరికినదాన్ని ముద్దాయి దగ్గరే ఉందనడానికి సాక్ష్యంగా వాడకూడదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అప్పట్నుంచి ఆ కేసుల్లో 50వ సెక్షన్ నోటీసు లేని ఫైలు అరుదు. కేసు పోతుందంటే కాగితం దానంతటదే తయారవుతుంది.

కాబట్టి వారెంట్ కన్నా ముందు కావాల్సింది ఈ పర్యవసానం. అది లేకుండా వారెంట్ పెడితే కారణాల పేరా డైరీలోంచి పిటిషన్‌లోకి మారుతుంది.

చెక్‌బౌన్స్ కేసు చూసిన తమ్ముడు

వారెంట్ ఉంటే చాలనుకునేవాళ్లకు మా అన్నయ్య సంగతి చెప్తాను. ఆసుపత్రిలో ఉండి ఒక్క వాయిదాకు వెళ్లలేదు. కోర్టు ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్‌బెయిలబుల్ అరెస్ట్ వారెంట్, ఇచ్చింది. లాయర్‌తో రీకాల్ పిటిషన్ వేయించి, ఫైన్ కట్టి రద్దు చేయించుకున్నాం. ఆ కబురు స్టేషన్‌కు చేరలేదు. శనివారం సాయంత్రం ఇద్దరు కానిస్టేబుళ్లు పాత వారెంట్ పట్టుకొచ్చారు. మా వదిన రీకాల్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ చూపిస్తే "మా రికార్డులో పెండింగే ఉందమ్మా" అన్నారు. వాళ్లనీ తప్పుపట్టలేను, చేతిలో ఉన్న కాగితం అదే. స్టేషన్‌లో కూర్చోబెట్టి, లాయర్ వచ్చి మాట్లాడాక రాత్రికి పంపించారు. మా అమ్మ టెన్షన్ నేను మాటల్లో చెప్పలేను.

ట్రయల్ కోర్టు న్యాయవాది

కోర్టు రద్దు చేసేదాకానో, అమలయ్యేదాకానో వారెంట్ బతికే ఉంటుంది. దానికి గడువు లేదు. అందుకే రద్దయిన సంగతి అదే రోజు స్టేషన్‌కు చేరాలి. అసలు ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంట్, అప్పటికీ రాకపోతేనే ఎన్‌బీడబ్ల్యూ అని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క వాయిదా తప్పితే నేరుగా ఎన్‌బీడబ్ల్యూ ఇవ్వడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

లా విద్యార్థిని

సార్, పర్యవసానం ఉండాలన్న మాటతో ఏకీభవిస్తాను. కానీ సోదాకు ముందే బయటివాడు ఒకడు అడగడానికి విలువ లేదంటే ఒప్పుకోను. మన హైదరాబాద్ కేసే చూడండి. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో, కలెక్టర్ అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకుకెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయొచ్చన్నారు. కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాగితం బ్యాంకులో ఉన్నా దాని మీద మనిషికి గోప్యత పోదంది. మరి ఫోన్ సంగతి? సీజ్ చేసిన ఫోన్ ఎక్కడికీ పారిపోదు. తెరవడానికి ఏ తొందరా లేదు. కనీసం అక్కడైనా వారెంట్ అడగొచ్చు కదా?

రిటైర్డ్ ఎస్‌ఐ

ఫోన్ విషయంలో మీతో ఉన్నాను. సీజ్ చేయడం మా పని, లోపల వెతకడానికి మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోమంటే దర్యాప్తు ఆగదు. ఇంటి సోదాకు మాత్రం రాత్రిపూట ఫోన్లో అందే డ్యూటీ మేజిస్ట్రేట్‌ని ముందు ఏర్పాటు చేయండి, తర్వాత తప్పనిసరి చేయండి.