రూట్‌గా ఉన్నా ఈ ఫోల్డర్‌లో ఫైళ్లు డిలీట్ కావడం లేదు

నమస్కారం. అనంతపురంలో మా ఫొటో స్టూడియో సిస్టమ్‌లో ఉబుంటు 22.04 (లినక్స్) ఉంది. 1 టీబీ హార్డ్ డిస్క్, ఈఎక్స్‌టీ4 ఫార్మాట్. అందులో పాత పెళ్లిళ్ల రా ఫైళ్ల (కెమెరా ఒరిజినల్స్) ఫోల్డర్ ఒక్కటే 640 జీబీ తినేసింది. శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, జాగా ఖాళీ చేయకపోతే కొత్త షూట్లు ఎక్కించుకోలేం.

టెర్మినల్‌లో ‘సుడో ఆర్‌ఎమ్’ (పూర్తి అధికారాలున్న రూట్ యూజర్‌గా ఫైళ్లు తీసేసే కమాండ్) కొడితే ప్రతి ఫైలుకూ ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని వస్తోంది. ‘పర్మిషన్ డినైడ్’ కాదు, గమనించండి. ఫైళ్ల మీద సీహెచ్‌మాడ్ 777 (అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చే కమాండ్) పనిచేసింది, కానీ ఫోల్డర్ మీద కొడితే మళ్లీ అదే మెసేజ్. ఫోల్డర్ లోపలికెళ్లి ఎల్‌ఎస్‌అట్రిబ్ (ఫైళ్లకున్న ప్రత్యేక గుర్తులు చూపించే కమాండ్) కొట్టి చూశాను, మార్చకుండా, తీసేయకుండా ఆపే ‘ఐ’ గుర్తు ఏ ఫైలుకూ లేదు. డిస్క్ రీడ్-ఓన్లీగా మౌంట్ కాలేదు. పక్క ఫోల్డర్లలో డిలీట్ మామూలుగానే అవుతోంది. రీస్టార్ట్ కూడా చేశాను.

అన్నిటికన్నా వింత ఏంటంటే, ఇదే ఫోల్డర్‌లో టచ్ కమాండ్‌తో కొత్త ఫైలు పెట్టనిస్తుంది. పెట్టాక దాన్ని తీసేయనివ్వదు, పేరూ మార్చనివ్వదు. ఇంతకుముందు ఈ సిస్టమ్ చూసుకున్న అబ్బాయి బ్యాకప్ కోసమని ఏవో సెట్టింగులు పెట్టాడట, ఇప్పుడు అందుబాటులో లేడు.

ఇంకా ఇవ్వాల్సిన కస్టమర్ల ఆల్బమ్‌లు ఇదే డిస్క్‌లో ఉన్నాయి, కాబట్టి ఫార్మాట్ చేయడం కుదరదు. ఫైళ్లు చేర్చనిస్తూ, తీసేయడాన్ని మాత్రం రూట్‌కి కూడా అడ్డుకునే సెట్టింగ్ ఏది, దాన్ని ఏ కమాండ్‌తో తొలగించాలి?