ఎగురుతూ ఎక్కాలు చదివితే ఆటల పీరియడ్ తీసేయవచ్చా?

కాజీపేట_నాన్న:
మా అబ్బాయి హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి. ఈ ఏడాది ఆటల పీరియడ్లు ఎత్తేశారు. అడిగితే ప్రిన్సిపల్ గారు, "ఇప్పుడు పాఠంలోనే కదలిక ఉంది సార్. పిల్లలు ఎగురుతూ ఎక్కాలు చదువుతున్నారు, అక్షరాల మీద గెంతుతూ స్పెల్లింగులు నేర్చుకుంటున్నారు. వేరే ఆటలెందుకు?" అన్నారు. బడికి మైదానం ఉంది. అందులో వ్యాన్లు నిలుపుతారు. మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగడమే మావాడికి వ్యాయామం. ఇది సబబేనా?

విజిల్_మాస్టారు:
ముమ్మాటికీ కాదు. నేను ఉన్నత పాఠశాలల్లో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి విరమించాను. ఆరో తరగతికి వచ్చేసరికి బంతి పట్టుకోలేని పిల్లలను, ఒంటికాలి మీద నిలవలేని పిల్లలను ఎందరినో చూశాను. పరుగు, దూకడం, విసరడం, పట్టడం, ఒళ్లు అదుపులో పెట్టుకోవడం ప్రాథమిక తరగతుల్లోనే కుదరాలి. నిలబడ్డచోట నాలుగు గెంతులు వేస్తే ఎక్కం వస్తుందేమో కానీ బంతి పట్టడం రాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఊపిరి వేగం పెరిగేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బెంచీల మధ్య అది సాధ్యమా?

మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవన్‌జి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడకపోతే ఆ పరుగు ఎవరికి తెలిసేది?

గణితం_ముఖ్యం:
ఎక్కం వస్తుందని మీరే ఒప్పుకున్నారు. ఇక గొడవేమిటి?

చెరువుగట్టు:
తొక్కుడుబిళ్ల, చిర్రగోనె మాకు ఏ పీఈటీ నేర్పాడు? వాకిలే మైదానం.

ములుగు_టీచరమ్మ:
నేను ప్రభుత్వ ప్రాథమిక బడిలో ఎస్జీటీని, అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే టీచర్ని. విజిల్ మాస్టారు పెద్ద తరగతుల నుంచి చూసి చిన్న తరగతులకు తీర్పు చెబుతున్నారు. దీప్తిని గుర్తించింది కూడా ఉన్నత పాఠశాల వయసులోనే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఒకసారి చదవండి. ఆట స్థలం ప్రతి బడికీ ఉండాలి. వ్యాయామం నేర్పే మనిషి మాత్రం 6 నుంచి 8 తరగతులకే, అదీ పిల్లలు 100 మంది దాటితే, అదీ పార్ట్‌టైమ్‌గా. ఒకటి నుంచి ఐదు వరకు ఎవరూ లేరు. 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంటుంది ఆ షెడ్యూలే. అంటే ఐదు తరగతులకు మేమిద్దరం.

ఇక గెంతుల సంగతి. దాన్ని హేళన చేయకండి. వరండాలో సుద్దతో 0 నుంచి 20 వరకు గీత గీస్తాను. ఏడు మీద నిలబడి ఐదు ముందుకు గెంతు, నాలుగు వెనక్కి గెంతు అంటే, పలక మీద తీసివేత అర్థం కాని పిల్లకు కాళ్లతో అర్థమవుతుంది. సగం మంది గీత మీద ఉంటే మిగతా సగానికి లోపల చదవడం నేర్పగలను. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైంది. ఎవరు చదవగలరు, ఎవరు కూడగలరు అని నమోదు చేయాల్సింది నేనే.

విజిల్_మాస్టారు:
మీ గీతను నేనేమీ అనలేదు మేడమ్. అది లెక్కల బోధన, మంచి బోధన. దాన్ని చూపించి ఆటలు తీసేయడమే తప్పు. చదువు వెనకబడుతుందన్న భయమూ అక్కర్లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2010లో 50 అధ్యయనాలను పరిశీలించి, వ్యాయామానికి సమయం ఇచ్చినందువల్ల చదువు దెబ్బతినడం లేదని తేల్చింది. ఆరుబయట గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే ముప్పు కూడా తక్కువ.

ములుగు_టీచరమ్మ:
అమెరికాలో ఒక టీచరు ఐదు తరగతులు చూస్తారా సార్? మన రాష్ట్రంలో టీచర్ల నియామకానికి వేసిన 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు. ఎస్జీటీలు 6,508, పీఈటీలు 182. ఆ 182 మందిలో మా ఊరికి వచ్చేదెవరు?

ఒకసారి ఖోఖో ఆడిస్తుంటే ఒక బాబు పడి మణికట్టు విరిగింది. వాళ్ల మేనమామలు గేటు దగ్గర నిలబడి నన్ను అనరాని మాటలన్నారు. పైనుంచి సంజాయిషీ అడిగారు. ఆటలు కావాలన్నవారు ఒక్కరూ ఆ రోజు నా పక్కన లేరు.

గణితం_ముఖ్యం:
చూశారా. గెంతితే ఎవరి చెయ్యీ విరగదు, ఎక్కమూ వస్తుంది.

కాజీపేట_నాన్న:
మేడమ్, మీ కష్టం మీది. నేను అడిగింది వ్యాన్లు నిలిపిన మైదానం గురించి.

ములుగు_టీచరమ్మ:
మైదానమా? మా బడికి ఎకరం స్థలం ఉంది, వేపచెట్ల నీడ ఉంది. పిల్లలే లేరు. మీరు చెప్పిన లాంటి వ్యాన్లే రోజూ మా గేటు ముందు ఆగి ఊరి పిల్లలను ఎక్కించుకుపోతాయి. మైదానం అంత అవసరమైతే ఫీజు లేని చోట దొరుకుతుంది, చేర్పించండి.

కాజీపేట_నాన్న:
అయితే మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో చెప్పండి.

చెరువుగట్టు:
వచ్చేసింది. ఈ ప్రశ్న రాకుండా ఇక్కడ ఒక్క చర్చా ముగియదు.

ములుగు_టీచరమ్మ:
ప్రైవేటులోనే. దాచాల్సిందేమీ లేదు. ఐదు తరగతులకు ఇద్దరం ఉన్నచోట చదువు ఎలా సాగుతుందో నాకు తెలిసినంత మీకు తెలియదు. మీరూ ఇంగ్లిషు చూశారు, వ్యాను చూశారు, చేర్పించారు. అప్పుడు మైదానం మీ లెక్కలోకి రాలేదు.

కాజీపేట_నాన్న:
వచ్చింది. చేర్పించేటప్పుడు మైదానం చూపించే ఫీజు చెప్పారు. వ్యాన్లు తర్వాత వచ్చాయి. మావాడు ఇంటికి రాగానే ట్యూషన్. ఇంటి ముందు సందులో బైకుల రద్దీ. బడిలో ఆడకపోతే వాడికి ఇంకెక్కడా ఆట లేదు. మీ ఊళ్లో బడి వదలగానే పిల్లలు వాగు దాకా పరుగెత్తుతారు.

ములుగు_టీచరమ్మ:
మగపిల్లలు పరుగెత్తుతారు. నాలుగో తరగతి ఆడపిల్ల ఇంటికి వెళ్లి తమ్ముణ్ని ఎత్తుకుంటుంది, అంట్లు తోముతుంది. ఆమె పరుగెత్తేది బడిలోనే. ఈ సంగతి మీకంటే నాకే బాగా తెలుసు, అందుకే ఒళ్లు మండుతోంది.

విజిల్_మాస్టారు:
మరి మనం ఒకే మాట అంటున్నాం కదా!

ములుగు_టీచరమ్మ:
లేదు సార్. మీరు టైంటేబుల్లో ఒక గడి అడుగుతున్నారు. అందులో రాసేది నా పేరే. తెలుగు, లెక్కలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, వాటి కింద ఆటలు. దగ్గరి ఉన్నత పాఠశాల పీఈటీని వారానికి ఒక పూట మా బడికి పంపమని మీ సంఘం ఎప్పుడైనా అడిగిందా? పంపితే ఆ పూట ఖోఖో గీతలు నేనే గీస్తాను.

విజిల్_మాస్టారు:
సంఘాన్ని ఇందులోకి లాగకండి.

కాజీపేట_నాన్న:
మొదటి గంట నుంచి చివరి గంట వరకు వ్యాన్లు బయట పెట్టమని మా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రాశాను. ఇద్దరు ముగ్గురు సరే అన్నారు. మిగతావారు ఒలింపియాడ్ తరగతులు ఎప్పుడు మొదలవుతాయని అడుగుతున్నారు.

గణితం_ముఖ్యం:
మైదానంలో వ్యాన్లు, మూడంతస్తులు అంటే మా పాప చదివే బడిలాగే ఉంది. ఆటల పీరియడ్లు లెక్కలకు ఇమ్మని అర్జీ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నేను ఆటో నడుపుతాను. ఈ ఫీజు ఇక కట్టలేను. పాప నాలుగో తరగతి, ఈసారి ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష రాస్తుంది. సీటు వస్తే చదువు, భోజనం, హాస్టలు అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది. ఆ పరీక్షలో ఖోఖో అడగరు సార్.

కాజీపేట_నాన్న:
మీరా! మీ పాపకు పరీక్ష ఉంటే మూడో తరగతి పీరియడ్ కూడా తీయించాలా?

గణితం_ముఖ్యం:
మూడుకూ నాలుగుకూ ఒకే టైంటేబుల్ అన్నారు. వచ్చే ఏడాది మీ అబ్బాయికీ అదే పరీక్ష.

కాజీపేట_నాన్న:
మావాడు రాయడు. శనివారం సమావేశానికి వస్తున్నారు కదా, అక్కడే తేల్చుకుందాం.