ఎడమ సీటు ముందు కార్పెట్ తడి: ఏసీ నీళ్లేనా, వేరేవా?

కాకినాడ_కారు
ఏసీ వేసి గంట నడిపితే చాలు, ముందు ఎడమ సీటు దగ్గర మ్యాట్ కింద తడి. చల్లదనం మాత్రం బాగానే ఉంది. షెడ్డులో డ్యాష్‌బోర్డు విప్పి కూలింగ్ కాయిల్ మార్చాలంటున్నారు. అంతకంటే ముందు ఇంటి దగ్గర ఏమేం చూసుకోవచ్చు?

కూలింగ్_కాయిల్
కాయిల్‌కి చిల్లు పడితే పోయేది గ్యాస్, నీళ్లు కాదు. గ్యాస్ పోతే ముందు చల్లదనం తగ్గుతుంది. మీకు తగ్గలేదు కాబట్టి ఇప్పుడే డ్యాష్‌బోర్డు విప్పనివ్వకండి.

గాలిలో తేమ కాయిల్ మీద నీరై, కింది ట్రేలోకి దిగి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దాటే రబ్బరు పైపులోంచి రోడ్డు మీద పడాలి. ఆ పైపు మూసుకుపోతే ట్రే నిండి కార్పెట్ మీదకు పొర్లుతుంది. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు, బ్లోయర్ (గాలి కొట్టే ఫ్యాన్) పెట్టె సాధారణంగా ఎడమవైపు. అందుకే తడి అక్కడ.

ఆరుబయట, చదునైన చోట బండి ఆపండి. బయటి గాలి లోపలికొచ్చే మోడ్‌లో పెట్టి, చల్లదనం పూర్తిగా పెంచి, బ్లోయర్ మధ్యస్థంగా 20 నిమిషాలు నడపండి. మీ సముద్రపు గాలికి బండి కింద చిన్న మడుగు కట్టాలి. చుక్క కూడా పడకపోతే పైపు మూసుకున్నట్టే. హైదరాబాద్‌లో మే నెల ఎండకు ఇదే పరీక్ష చేస్తే నాలుగు చుక్కలే పడొచ్చు, అది చూసి కంగారు పడకూడదు.

రేడియేటర్_రిపేర్
పరీక్షకు ముందు తెల్ల టిష్యూ ఆ తడిలో అద్ది చూడండి. ఏసీ నీటికి రంగు ఉండదు, వేళ్లకు జిగురు తగలదు. ఆకుపచ్చగానో గులాబీగానో మరక పడి, జారుడుగా ఉండి, తియ్యటి వాసన వస్తే అది హీటర్ కోర్ (లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) లోంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. ముందు అద్దం లోపల నూనె పొరలాంటి మసక పడుతుంది, ఇంజిన్ దగ్గర డబ్బాలో మట్టం తగ్గుతూ వస్తుంది. కూలెంట్ విషం, రుచి చూసి తేల్చుకోవాలనుకోకండి. అలా బండి నడపడం కూడా మంచిది కాదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది.

వేపచెట్టు_పార్కింగ్
వానాకాలంలో ఇంకో అనుమానం. వైపర్ల కింద ప్లాస్టిక్ జాలీ ఉన్న చోట ఆకులు పేరుకుంటే వాన నీరు బయటికి పోయే దారి లేక బ్లోయర్‌లోకి దిగుతుంది. ఏసీ ఆపేసి, ముందు అద్దం అడుగున పైపుతో నెమ్మదిగా ఓ పది నిమిషాలు నీళ్లు వదలండి. కార్పెట్ తడిస్తే తప్పు ఏసీది కాదు. సన్‌రూఫ్ ఉన్న బండికి దాని మూలల్లోని సన్నటి గొట్టాలు కూడా చూడాలి.

కాకినాడ_కారు
టిష్యూకి రంగు లేదు, వాసనా లేదు. అద్దం మీద నీళ్లు వదిలితే లోపల తడవలేదు. 20 నిమిషాలు ఏసీ నడిపినా కింద చుక్క లేదు. బ్రేక్ వేస్తే డ్యాష్‌బోర్డు లోపల నీళ్లు తొణికిన చప్పుడు వస్తోంది.

కూలింగ్_కాయిల్
ఇక అనుమానం లేదు, పైపే. జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కిందకి వెళ్లొద్దు. స్టాండ్ పెట్టండి, లేదా ర్యాంప్ ఎక్కించండి. ఇంజిన్ వెనక ఫైర్‌వాల్ మీద, ఎడమ నుంచి మధ్యలోపు, బొటనవేలంత లావు రబ్బరు గొట్టం చివర కనిపిస్తుంది. దాన్ని వేళ్లతో నలపండి, చాలాసార్లు మూతి దగ్గర మట్టే అడ్డం. కదలకపోతే గడ్డి కోసే మిషన్ నైలాన్ తీగ 10 సెంటీమీటర్లు మించకుండా తోసి తిప్పండి. ఇనుప తీగ వద్దు, కాయిల్‌కి గుచ్చుకుంటే అప్పుడు నిజంగానే కాయిల్ మార్చాలి. పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి పూర్తి ఒత్తిడితో కొట్టించొద్దు, గొట్టం ట్రే నుంచి ఊడిపోతుంది, లేదా బురద నీరు బ్లోయర్ మోటారు మీదకు ఎగురుతుంది. నీళ్లు ఒక్కసారిగా ముఖం మీద పడతాయి, పక్కకి ఉండి చేయండి.

ఈ మధ్య అండర్‌బాడీ కోటింగ్ వేయించి ఉంటే గొట్టం మూతి దానితోనే మూసుకుని ఉండొచ్చు. కోటింగ్‌కి ముందు ఆ మూతికి టేపు వేయమని చెప్పి తీరాలి.

తీరం_టాక్సీ
పైపు బాగున్నా నీళ్లు వచ్చే సందర్భం ఒకటుంది: కాయిల్ మంచు కట్టడం. గుర్తు ఏమిటంటే, దూర ప్రయాణంలో వెంట్ల నుంచి గాలి క్రమంగా తగ్గుతుంది, బ్లోయర్ చప్పుడు మాత్రం తగ్గదు. ఏసీ ఆపి పది పదిహేను నిమిషాలు ఫ్యాన్ ఒక్కటే తిప్పితే గాలి మళ్లీ వస్తుంది, కరిగిన నీరంతా ఒక్కసారే దిగుతుంది. ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి, చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. దుమ్ము రోడ్లలో 10,000 కిలోమీటర్ల దాకా ఆగకుండానే మార్చాలి. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే గ్యాస్ తగ్గిందా అన్నది గేజ్ పెట్టి, కాయిల్ దగ్గర థర్మిస్టర్ (చల్లదనం కొలిచే సెన్సర్) పోయిందా అన్నది మల్టీమీటర్ పెట్టి చూడాలి.

కాకినాడ_కారు
గొట్టం మూతిలో మట్టి, కుళ్లిన ఆకు పీచు. తీయగానే నీళ్లు ధారగా వచ్చాయి. ఎలుకలు దూరకుండా మూతికి జాలీ కట్టొచ్చా?

కూలింగ్_కాయిల్
కట్టొద్దు. సన్న జాలీలో దుమ్ము పట్టి మళ్లీ అదే అడ్డమవుతుంది.

రేడియేటర్_రిపేర్
కార్పెట్ పైన ఆరినట్టు కనిపించినా కింద స్పాంజ్ నీళ్లు పట్టుకునే ఉంటుంది. గడప ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ ఎత్తి, ఫ్యాన్ గాలికి స్పాంజ్ పూర్తిగా ఆరే దాకా వదలండి. ఎడమ పక్క కిందుగా వైరింగ్ కనెక్టర్లు ఉంటే వాటిలో పచ్చ తుప్పు పట్టిందేమో చూసి, బ్యాటరీ నెగెటివ్ తీసేశాకే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.