చలికి డెవలపర్ 'గడ్డకట్టింది' అనొచ్చా?

సెమిలిగుడ నుంచి:
ఇక్కడ నలుపు-తెలుపు ఫిల్ము కడగడం నేర్చుకునే కుర్రాళ్ళ కోసం తెలుగులో ఒక పేజీ సూచనలు రాస్తున్నాం. అందులో డెవలపర్ (బొమ్మని పైకి తెచ్చే మందు) గురించిన ఒక వాక్యం దగ్గర కలం ఆగింది: "చలికి డెవలపర్ గడ్డకడితే వేడిచేసి వాడాలి." సీసాలో కనబడేది గడ్డ కాదు కదా! ప్రింట్లకి వాడే డి-72 డెవలపర్ స్టాకు (నీరు కలపకముందు ఉండే చిక్కటి మందు) డిసెంబరు రాత్రంతా చల్లటి గదిలో ఉంటే, తెల్లారేసరికి సీసా అడుగున పటిక ముక్కల్లాంటివి గాజుకి కరుచుకుని ఉంటాయి. పైనున్న మందు తేటగానే ఉంటుంది. దీనికి సరైన మాట ఏది?

రాయగడ నుంచి:
'మడ్డి దిగింది' అనండి. నూనె డబ్బా అడుగున దిగినదాన్ని మనవైపు అలాగే అంటారు. అందరికీ తెలిసిన మాట.

పర్లాకిమిడి నుంచి:
తెలిసిన మాటే గానీ ఇక్కడ కొంప ముంచే మాట. మడ్డి అనగానే చెయ్యి ఏం చేస్తుంది? పైతేట వంచుకుని అడుగుది పారబోస్తుంది. ఇక్కడ అడుగున ఉన్నది చెత్త కాదు, మందులో సగం బలం.

డి-72 లీటరు స్టాకులో ఏముంటుందో చూడండి: మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, సోడియం కార్బొనేట్ మోనోహైడ్రేట్ 80 (నిర్జలమైతే 67.5), పొటాషియం బ్రోమైడ్ సుమారు 2. వీటిలో బొమ్మని పైకి తెచ్చేవి మెటాల్, హైడ్రోక్వినోన్; మందుకి క్షారం ఇచ్చేది కార్బొనేటు. చలికి ముందు లొంగేది ఆ కార్బొనేటే. 100 గ్రాముల నీరు 20 డిగ్రీల దగ్గర సుమారు 21 గ్రాముల నిర్జల కార్బొనేటును పట్టుకుంటుంది. 10 డిగ్రీలకి అది 12 చిల్లరకి పడిపోతుంది, సున్నా దగ్గర 7. పైగా సల్ఫైటులోనూ సోడియమే ఉంది కాబట్టి కార్బొనేటుకి చోటు ఇంకా తగ్గుతుంది. చోటు చాలనిది బయటికొచ్చి నీటిని తనలో కలుపుకుని పలుకు కడుతుంది. అంటే అక్కడ కనబడేది చాకలి సోడాయే.

తేట మాత్రం వాడితే క్షారం తగ్గిన డెవలపర్ వాడినట్టు. ట్రేలో ప్రింటు మీద బొమ్మ ఎంతకీ పైకి రాదు, వచ్చినా నలుపు బూడిదరంగు దగ్గరే ఆగిపోతుంది. కాగితం పాతదని తిడతారు, తప్పు వంచిన చేతిది.

కాబట్టి నా ఓటు 'పలుకులు కట్టింది'కి. ఉప్పు పలుకు, కర్పూరం పలుకు అంటాం. పలుకు అంటే పనికొచ్చే వస్తువు, ఎవరూ పారబోయరు. 'స్ఫటికాలు ఏర్పడినవి' అని మాత్రం రాయకండి. గిడుగు వారు పాఠం చెప్పిన ఊళ్ళో కూర్చుని ఆ వాక్యానికి ఒప్పుకోలేను.

దేగ్లూర్ నుంచి:
'పేరింది' ఎందుకు కాదండీ? చలికాలం నెయ్యి పేరుతుంది, కొబ్బరినూనె పేరుతుంది. మాకు చుట్టూ వినబడే మరాఠీలో నేతికి 'థిజణే' అని విడిగా ఒక మాటుంది, తెలుగులో దానికి సరిజోడు 'పేరడం'. మీ ఒడియావాళ్ళ 'జమిబా' కూడా అదే పని చేస్తుందనుకుంటా.

పర్లాకిమిడి నుంచి:
జమిబా నేతికీ నడుస్తుంది, మంచుకీ నడుస్తుంది, డబ్బు కూడడానికీ నడుస్తుంది. అది పెద్ద గోనెసంచి. మన 'పేరడం' అంతకంటే కచ్చితమైన మాట: ఉన్నది ఉన్నట్టుగా మొత్తం బిగుసుకోవాలి. డి-72లో అలా జరగదు, ద్రవం ద్రవంగానే ఉండి లోపలిది బయటపడుతుంది.

అయితే ఆ మాట వృథా పోదు. స్టాప్ బాత్‌కి (డెవలపర్ పనిని ఆపే పుల్లనీళ్ళకి) తెచ్చే గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ ఉంది కదా, అది నిజంగా పేరుతుంది. 16.6 డిగ్రీల దగ్గరే బిగుసుకుంటుంది. 'గ్లేషియల్' అన్నదే మంచుని బట్టి వచ్చిన పేరు. కోరాపుట్ కొండల మీద శీతాకాలం పొద్దున్న సీసా వంచితే చుక్క రాదు. సీసాని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో నిలబెడితే నేతిలాగే జారుతుంది. స్టవ్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకూడదు, సుమారు 40 డిగ్రీల దగ్గర దాని ఆవిరి అంటుకునే స్థితికి వస్తుంది. అసలు తేలిక మార్గం, తెచ్చిన రోజే 8 పాళ్ళ నీటిలో 3 పాళ్ళ యాసిడ్ పోసి 28 శాతంగా చేసి ఉంచుకోవడం. నీటిలో యాసిడ్, తిరగేసి కాదు. అలా పలచన చేసినది మీ చలికి పేరదు. లీటరు స్టాప్ బాత్‌కి అందులోంచి 48 మి.లీ. చాలు.

రాయగడ నుంచి:
మడ్డి వెనక్కి తీసుకున్నాను. కానీ పెరుగు కూడా పేరుతుంది కదా! పాలు పేరబెట్టడం పాత మాటే. పేరిన నెయ్యి కరుగుతుంది, పేరిన పెరుగు మళ్ళీ పాలవుతుందా? యాసిడ్ పాడైందని ఎవరైనా అనుకుంటే?

దేగ్లూర్ నుంచి:
ఇప్పుడు పెరుగుని 'తోడుకుంది' అనేవాళ్ళే ఎక్కువ. 'నెయ్యిలా పేరింది' అని పక్కన నేతిని నిలబెట్టండి, సరిపోతుంది.

సెమిలిగుడ నుంచి:
అసలు చిక్కు 'కరగడం'లో ఉన్నట్టుంది. నెయ్యి కరిగింది అంటాం, పంచదార కరిగింది అంటాం. మొదటిదానికి వేడి చాలు, రెండోదానికి నీరు కావాలి, కలపాలి. పోయేటప్పుడు ఒకే మాట, తిరిగి వచ్చేటప్పుడు పేరడం, పలుకు కట్టడం అని రెండు. అందుకే "వేడిచేసి వాడాలి" అని ఊరుకుంటే డి-72కి సగం సూచనే అవుతుంది.

పర్లాకిమిడి నుంచి:
బాగా పట్టుకున్నారు. మూత కొంచెం వదులు చేసి, సీసాని 40 డిగ్రీల నీళ్ళ తొట్టిలో పెట్టాలి. మందు వెచ్చబడ్డాక మూత బిగించి మెల్లగా తిప్పాలి. చివరి పలుకు పోయేదాకా ఆగాలి. ఆ తర్వాతే కొలిచి, ఒక పాలుకి రెండు పాళ్ళ నీరు కలపాలి. వడగట్టడం ఆ తర్వాత మాట. మందు కాఫీరంగుకి తిరిగి ఉంటే మటుకు అది చలి చేసిన పని కాదు, గాలి చేసింది. దాన్ని పారబోయాల్సిందే.

జయపురం నుంచి:
ఫిల్ముకి వాడే డి-76 సంగతి కూడా ఆ పేజీలో ఉండాలి. దాంట్లో కార్బొనేటు లేదు, 2 గ్రాముల బోరాక్సే. పలుకులు కట్టకుండానే దెబ్బతీస్తుంది. సీసా చూస్తే తేటగా, అమాయకంగా ఉంటుంది. లోపల హైడ్రోక్వినోన్ చలికి ముడుచుకుని కూర్చుంటుంది. సుమారు 13 డిగ్రీల కిందికి వెళితే అది దాదాపు పని మానేస్తుంది, మెటాల్ ఒక్కటే లాగుతుంది. నెగటివ్ చప్పగా వస్తుంది.

20 డిగ్రీల దగ్గర 10 నిమిషాలైతే 18 దగ్గర సుమారు 12. ఆ లెక్క కొంత దూరమే నడుస్తుంది. 12 డిగ్రీల మందులో ఎంతసేపు ఉంచినా ముడుచుకున్నది లేవదు. టైము పెంచడం కాదు, తొట్టిలో వెచ్చటి నీళ్ళు పోసి మందుని 20కి తేవాలి. దీన్ని 'మందు చచ్చిపోయింది' అంటుంటారు. తప్పు. చావలేదు, వెచ్చబడితే మళ్ళీ పనిచేస్తుంది. 'మందగించింది' అని రాయండి.

రాయగడ నుంచి:
హైపో?

జయపురం నుంచి:
హైపో అంటే బొమ్మని నిలిపే మందు, ఫిక్సర్‌లో వాడే ఉప్పు. కరిగేటప్పుడు తనే నీటిని చల్లబరుస్తుంది. లీటరుకి 250 గ్రాములు చల్లటి నీళ్ళలో వేస్తే సగం అడుగునే నిలిచిపోతుంది. అది పలుకు కట్టడం కాదు, ఇంకా కరగకపోవడం. 50 డిగ్రీల నీటితో మొదలుపెడితే కలిపేసరికి దానంతటదే దిగివస్తుంది. కానీ యాసిడ్ కలిపిన ఫిక్సర్‌ని చలికాలం కదా అని స్టవ్ మీద పెడితే గంధకం బయటపడి పాలలా తెల్లబడుతుంది. దానికి మన వంటింటి మాటే ఉంది, 'విరిగింది'. విరిగిన పాలలాగే, దానికిక తిరుగు లేదు.

ఇంకొకటి, 'ఫిల్ము కడగడం' అంటే మనకి మొత్తం పని, చివర్న నీటితో కడగడమూ కడగడమే. "20 డిగ్రీల దగ్గర కడగాలి" అని రాస్తే డెవలపర్ వరకే అనుకుని, ఆఖర్న 10 డిగ్రీల కుళాయి కింద పెడతారు. వెచ్చటి మందులోంచి చన్నీళ్ళలోకి పడితే ఫిల్ము మీది జెలటిన్ పొర ఒక్కసారి ముడుచుకుని పాలమీగడలా ముడతలు పడొచ్చు. హైపో కూడా చల్లటి నీటికి త్వరగా వదలదు. 'చివరి కడుగు' అని విడిగా రాసి, ఆ నీళ్ళూ 20కి ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉండాలని చెప్పండి.

సెమిలిగుడ నుంచి:
డి-72 సీసా చీటీ ఇలా మార్చాం: "చలికి పలుకులు కడితే వెచ్చటి నీళ్ళలో పెట్టి, అన్నీ కరిగేదాకా తిప్పాలి. మడ్డి కాదు, పారబొయ్యొద్దు."

పర్లాకిమిడి నుంచి:
'పారబొయ్యకండి' అంటే ఇంకా మనవైపు మాటలా ఉంటుంది.

సెమిలిగుడ నుంచి:
చీటీ చిన్నదండీ, కానీ పట్టిస్తాను.